బిగుసుకున్న చోటు

పాత లేత్ మిషను క్యారేజీ చక్రం తిప్పుతున్నప్పుడల్లా ఒక సంగతి నన్ను పట్టి పీడిస్తోంది. చక్కు దగ్గర మొదలుపెట్టి కుడివైపుకి పోనిస్తే మొదట్లో ఒక్క వేలు చాలు. బెడ్డు నడిమికి వచ్చేసరికి అరచెయ్యి ఆనించాలి. టెయిల్‌స్టాక్ వైపు చివరి మూరెడు దూరంలో రెండు చేతులూ వేసినా కదలనని మొరాయిస్తుంది. చూడ్డానికొచ్చినవాళ్ళంతా ఆ చివరకే వెళ్ళి వంగి చూస్తారు. "ఇక్కడేదో పట్టేసిందండీ, తీసి చూడండి" అంటారు. కిరసనాయిలు గుడ్డతో అక్కడంతా తుడిచి, లైటు దగ్గర పెట్టి చూస్తే పట్టేయడానికి ఏమీ లేదు. తుప్పు లేదు, గాటు లేదు. ఫ్యాక్టరీలో చేత్తో గీకిన గుర్తులు, చిన్నచిన్న అర్ధచంద్రాలు, ఇంకా కనపడుతూనే ఉన్నాయి. మిషను మొత్తంలో పుట్టినప్పటి కొలత మిగిలిన చోటంటూ ఉంటే అదొక్కటే. అరిగింది చక్కు పక్కన, వేలితో తిరిగే చోట. అయినా చెయ్యి తప్పుపట్టేది బిగుసుకున్న చోటునే. సులువుగా సాగేదంతా మంచిదనీ, ఎదురు తిరిగేదంతా చెడ్డదనీ ఈ చేతికి ఎవరు చెప్పారు?

జరిగింది ఇదీ. క్యారేజీ బెడ్డు పైన కూర్చుంటుంది. కోత బరువుకి పైకి లేవకుండా దాన్ని బెడ్డు అంచు కిందనుంచి ఇనుప బద్దలు పట్టుకుని ఉంటాయి. ఏళ్ళ తరబడి ఒకేచోట పని జరిగితే అక్కడ బెడ్డు పైతలం అరిగి మందం తగ్గుతుంది, బద్దలు వదులవుతాయి. క్యారేజీ అదరడం మొదలవుతుంది, జాబ్ మీద అలలు పడతాయి. అప్పుడు ఎవరో ఒక టర్నరు, బయట లారీ ఆగి ఉండగా, డ్రైవరు తొందరపెడుతుండగా, కిందకి దూరి ఆ బద్దల బోల్టులు చక్కు దగ్గరికి సరిపోయేలా బిగించి ఉంటాడు. పని నడిచింది. ఆ పూటకి అదే సరైన వైద్యం కూడాను. కానీ ఆ రోజునుంచి మిషను అరిగిన చోటుకి అమరిపోయింది. అరగని చోటికి పోలేకపోయింది. ఇక చివర బిగుసుకున్నదంటే ఆ చివర చేసిన నేరం ఏముంది, తన మందం తాను నిలుపుకోవడం తప్ప?

ఈ మిషను విజయవాడ ఆటోనగర్‌లో లారీల బ్రేకు డ్రమ్ములు కోసిన షెడ్డులోది. దాన్ని నడిపిన పెద్దాయనకి ఓపిక తగ్గి షెడ్డు ఎత్తేస్తూ అమ్మారు. పేరు పలక మీద రంగు మీద రంగు వేసుకుంటూ పోయారు గనుక అక్షరాలు పూడిపోయాయి. పోత తీరు, కాళ్ళ వంపు చూసి ఇది బటాలా సరుకని మా మేస్త్రి తేల్చారు. పంజాబులోని ఆ ఊరు పోత ఇనుముకీ లేత్‌లకీ ఎప్పటినుంచో పేరుపడ్డది. 1941లో హరిహర్‌లో మైసూరు కిర్లోస్కర్, 1943లో సికింద్రాబాదులో ప్రాగా టూల్స్, 1953లో స్విట్జర్లాండు ఓర్లికాన్ వాళ్ళ సాయంతో బెంగుళూరులో హెచ్.ఎం.టి. వచ్చాయి. మిషన్లు చేసే మిషన్లు మనమే చేసుకోవాలన్న పట్టుదల అందరికీ తెలిసిన కథ. ఊరూరా రోడ్డుపక్క రేకుల షెడ్లలో బుష్షులు, పిన్నులు, డ్రమ్ములు చేసి ఈ దేశపు లారీలనీ ట్రాక్టర్లనీ మోటారు పంపులనీ ఆగకుండా నడిపించిన పేరులేని లేత్‌ల కథ మాత్రం ఎవరూ రాయలేదు. దాన్ని చదవాలంటే గుడ్డా, కిరసనాయిలూ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చోవాలి.

శుభ్రం చేయడమనే పనిని ముందు అయిపోగొట్టేసి, ఆ తర్వాత తీరిగ్గా లోపాలు వెతుకుదామని చాలామంది అనుకుంటారు. నాకేమో ఆ రెండూ ఒకటే పని అనిపిస్తోంది. ఆటోనగర్‌లో మిషను కొన్నాక గాలి గొట్టం పెట్టి ఊదేసి, మీద ఇంత డీజిలు కొట్టి, నీలం రంగు వేసి ఇచ్చేస్తామన్నారు. వద్దన్నాను. గాలి ఊదితే పొడి పోదు, క్యారేజీ అడుగున బెడ్డుని ఆనుకునే సాడిల్ కిందకీ బేరింగుల్లోకీ ఇంకా లోపలికి దూరుతుంది. ఎమరీ కాగితం అసలే తగలకూడదు. దాని గరుకు రవ్వలు పోత ఇనుము రంధ్రాల్లో దిగబడి, తర్వాత పైన నడిచే ప్రతిదాన్నీ కోస్తూ ఉంటాయి. వెదురు బద్ద, ఇత్తడి రేకు, కుచ్చు బ్రష్షు, కాటన్ వేస్టు, కిరసనాయిలు. వీటితో ఒక్కొక్క జానెడు. గట్టిపడి బంకయిపోయిన పాత నూనె వెదురు బద్దకి పెంకులుగా లేస్తుంది. దాని కింద ఏముందో చూడకుండా తర్వాతి జానెడుకి పోబుద్ధి కాదు.

ట్రేలో పేరుకున్న తుక్కు వరసలు వరసలుగా ఉంది. అన్నిటికన్నా పైన పల్చగా అల్యూమినియం మెరుపు. చివరి రోజుల్లో ఏవో చిన్న పనులు చేసి ఉంటారు. దాని కింద ఇత్తడి పొట్టు, అక్కడక్కడ నీలంగా కమిలిన ఉక్కు చుట్టలు. వాటి కింద అడుగుదాకా ఒకటే నలుపు. పోత ఇనుములో గ్రాఫైటు ఉంటుంది గనుక అది ఉక్కులాగా చుట్టలు తిరగదు, పొడిగా రాలుతుంది. ఆ పొడి నూనెలో కలిసి కాటుకలా తయారై, సాడిల్ రెక్కల కిందా, లీడ్ స్క్రూ మరల్లోనూ, హాఫ్‌నట్ లోపలా పట్టి ఉంది. రెండు వేళ్ళ మధ్య నలిపితే మెత్తగానే తోస్తుంది. ఆ మెత్తదనంలోనే ఉంది ప్రమాదం. అది నూనె పనీ చేస్తుంది, సాన పనీ చేస్తుంది. జారుస్తూనే అరగదీస్తుంది. డ్రమ్ము వ్యాసం పెద్దది, వెడల్పు తక్కువ. అందుకని ఎన్ని వందల డ్రమ్ములు కోసినా క్యారేజీ నడిచింది అదే మూరెడు దూరం. ఆ మూరెడులోనే ఒక మనిషి పనిచేసినన్నాళ్ళూ పనిచేశాడు.

సాడిల్ రెండు చివర్లా బెడ్డుని తుడుస్తూ పోయేందుకు ఉన్ని ముక్కలు ఉంటాయి. బెడ్డు మీద పడిన పొడి లోపలికి పోకుండా ఆపడం వాటి పని. రేకు విప్పి తీస్తే ఉన్ని ఎక్కడుందో తెలియలేదు. నల్లగా గట్టిపడిన పలక ఒకటి చేతికొచ్చింది. దాన్ని చీల్చి చూస్తే లోపలంతా ఇనుప పొడి. తుడవాల్సిన ముక్కే ఆకురాయిగా మారి, క్యారేజీ కదిలిన ప్రతిసారీ బెడ్డుని రుద్దింది. కాపలా పెట్టినదాన్ని ఎవరూ మళ్ళీ తీసి చూడకపోతే ఇలాగే అవుతుందేమో. రూపాయల్లో చూస్తే ఆ ఉన్ని ముక్క ఖరీదు ఎంతని? బెడ్డు ఖరీదు ఎంతని?

నూనె చూసుకునే గాజు కన్ను ఇంకో పాఠం. హెడ్‌స్టాక్ ముందు గుండ్రటి గాజు, సగానికి గీత, ఆ గీత దాకా గోధుమరంగు. నూనె నిండుగా ఉందనే ఎవరైనా అనుకుంటారు. గాజు విప్పి తీస్తే ఆ రంగు లోపలివైపు ఎండిపోయిన పాత మరక. నూనె మట్టం ఎక్కడో అడుగున ఉంది. ఎన్నేళ్ళు ఆ గాజు అంతా బాగుందని చెబుతూ వచ్చిందో! సబ్బునీళ్ళతో కడిగి బిగించాక ఇప్పుడు నూనె తగ్గితే తగ్గినట్టు కనిపిస్తోంది. క్రాస్ స్లయిడ్ మీదున్న నూనె రంధ్రాల సంగతీ ఇంతే. ముచ్చటపడి వేసిన రంగు వాటిని మూసేసింది. సన్నటి తీగతో గుచ్చి ఒక్కొక్కటీ తెరుస్తుంటే, కొన్నింటి అడుగున ఎప్పటిదో ఒక్క చుక్క నూనె తడి తగిలింది.

హెడ్‌స్టాక్ పోత మీద, మీటల పక్కన, ఎర్రగా గోధుమగా ఒక మందపాటి పొర ఉంది. తుప్పనుకుని వెదురు బద్ద ఆనించబోతే మేస్త్రి ఆపారు. "అది దసరా బొట్టు బాబూ" అన్నారు. ప్రతి ఏటా ఆయుధపూజకి మిషను కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, ఆ రోజుకి కరెంటు ఆపేస్తారు. నూనె చేతుల వేడికి ఆ బొట్టు కరిగి ఇనుములోకి ఇంకుతుంది. మరుసటేడు దాని మీదే ఇంకోటి. బెజవాడ దసరాలు ఎన్ని ఒకదానిమీద ఒకటి అంటుకుని ఉన్నాయో ఆ పెంకులో! అది బెడ్డు కాదు, గేరూ కాదు. ఏదీ దానిమీద నడవదు, ఏ కొలతా దానిమీద ఆధారపడదు. అలాంటప్పుడు దాన్ని మురికి అనవచ్చా? పని చేసే తలాల మీద ఉన్నదేదైనా పోవాల్సిందే, సందేహం లేదు. మిగిలినచోట ఏది ఉంచాలో ఏది తీయాలో చెప్పే మైక్రోమీటరు ఎవరి దగ్గరా లేదు. దాన్ని అలాగే ఉంచాం.

చక్కు విప్పడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. మూడు దవడల చక్కు లోపల చుట్టు తిరిగిన మర ఒకటి ఉంటుంది. తాళం తిప్పితే ఆ మర తిరిగి దవడలు మూడూ ఒకేసారి లోపలికి నడుస్తాయి. దవడల మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు కొట్టి ఉంటాయి, వాటి గాళ్ళకీ అవే అంకెలు. మర మొదలు ఒకటో గాడిలో కనిపించినప్పుడు ఒకటో దవడ పెట్టాలి, రెండో గాడికి వచ్చినప్పుడు రెండోది. వరస తప్పితే మూడూ మూడు దూరాల్లో నిలిచి, పట్టిన బారు నడిమిలో నిలవదు. మా చక్కు మర సందుల్లో పొడి దట్టించి ఉంది. దాన్ని పళ్ళు కుట్టుకునే పుల్లంత సన్నటి వెదురు ముల్లుతో తీసి, కిరసనాయిల్లో నానబెట్టి, ఆరబెట్టి, పల్చగా నూనె రాసి బిగించాక డయల్ ముల్లు ఊగడం సగానికి సగం తగ్గింది. మిగిలిన సగం దవడల అంచులు అరిగి నోళ్ళు విచ్చుకున్నందువల్ల వచ్చేది, అది కిరసనాయిలుతో పోదు. ఇలా మురికివల్ల వచ్చిన లోపమెంతో, అరుగుదలవల్ల వచ్చినదెంతో విడగొట్టగలిగితే మనసుకి ఎంత నెమ్మది! మనిషి విషయంలో ఈ లెక్క తేలదు.

నాకు లేత్ మొదట చూపించింది మా మేనమామ. ఐ.టి.ఐ.లో టర్నరు కోర్సు రెండేళ్ళు చదివిన మనిషి. లేత్ ముట్టుకోనివ్వకుండా మొదట చాన్నాళ్ళు ఇనుప ముక్క మీద ఆకురాయే పట్టించారని చెప్పేవాడు. సెలవులకి వెళ్ళినప్పుడు ఆయన పక్కన స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ఎవరి మిషను మొరాయించినా ఆయన్ని పిలిచేవారు. వెళ్ళగానే ఏదీ విప్పేవాడు కాదు. పొడుగు స్క్రూడ్రైవరు మొనని బేరింగు గూటికి ఆనించి, పిడిని చెవి దగ్గర ఆనించి కళ్ళు మూసుకునేవాడు. తర్వాత చక్కులో ఒక బారు పట్టి, డయల్ పెట్టి, బారు కింద కర్ర దూర్చి పైకెత్తేవాడు. ముల్లు ఎంత కదిలిందో అంత స్పిండిల్ ప్లే. అదే డయల్ని అక్కణ్ణుంచి టూల్ పోస్ట్ మీదకి, కాంపౌండ్ మీదకి, క్రాస్ స్లయిడ్ మీదకి, సాడిల్ మీదకి ఒక్కొక్క మెట్టే దించుకుంటూ వచ్చేవాడు. "అలలు పడేది జాబ్ మీదేరా, పుట్టేది అక్కడ కాదు" అనేవాడు. చివరికి ఒకసారి మిషను వదిలేసి నేలమీద బోర్లా పడుకుని, కాళ్ళ కింద సిమెంటు కదులుతోందేమోనని అరచెయ్యి పెట్టి చూడ్డం నాకు జ్ఞాపకం. కదులుతోంది కూడా. షెడ్డువాళ్ళేమో అప్పటికే బేరింగులు మార్చేశారు.

నేల అంతటిదా? అంతటిదే. మీటరు పొడుగు పోత ఇనుప బెడ్డు, చూస్తే ఏనుగు తొక్కినా వంగదనిపిస్తుంది. ఒక కాలి కింద పల్చటి రేకు ముక్క ఎక్కువైతే చాలు, మెలి తిరుగుతుంది. కళ్ళకి కనపడని ఆ మెలిక జాబ్ మీద టేపరుగా కనపడుతుంది. చక్కులో బారు పట్టి, అవతలి చివర ఆసరా లేకుండా, దానిమీద రెండు చోట్ల రెండు పట్టీలు వదిలి, టూలు కదిలించకుండా రెంటినీ ఒకే సన్నటి కోతతో తీసి మైక్రోమీటరుతో కొలుస్తారు. రెండు వ్యాసాలూ ఒకటైతే సరే. తేడా వస్తే చాలామంది వెంటనే హెడ్‌స్టాక్ బోల్టులు వదులు చేస్తారు. ముందు మీటరుకి మిల్లీమీటరులో నూటికి రెండు వంతుల తేడానైనా చూపించే లెవెలు పెట్టి బెడ్డు రెండు చివర్లా అడ్డంగా చూడాలి. మా మిషనుకి టెయిల్‌స్టాక్ వైపు వెనక కాలు ఎత్తుగా కూర్చుంది. దాని కింద రేకు తీసేశాక టేపరు చాలామటుకు పోయింది. హెడ్‌స్టాక్ ఒక్క బోల్టు కూడా వదులు చేయలేదు.

అరిగిన మూరెడు సంగతి అలా తేలేది కాదు. కానీ అక్కడ ఒక లెక్క ఉంది, అది తెలిసిన రోజు నాకు చాలా ధైర్యం వచ్చింది. బెడ్డు అరిగితే టూలు కిందకి దిగుతుంది. అది పదో వంతు మిల్లీమీటరు దిగిందనుకుందాం. 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న జాబ్ మీద దానివల్ల వ్యాసార్ధంలో వచ్చే తేడా మిల్లీమీటరులో అయిదు వేలో వంతు. ఆటోనగర్‌లో ఆ తేడాని కొలిచే పరికరమే దొరకదు. అదే పదో వంతు టూలు పక్కకి జరిగితే? వ్యాసం మీద రెట్టింపై మిల్లీమీటరులో అయిదో వంతు తేడా వస్తుంది. బేరింగు జారిపోతుంది, బుష్షు ఊడిపోతుంది. అరుగుదల అంతా ఒకటి కాదన్నమాట. కొన్ని లోపాలు ఎంత పెద్దవైనా పనిని తాకకుండా పక్కనుంచి పోతాయి, కొన్ని ఇసుమంతైనా తిన్నగా పనిమీదే పడతాయి. మిషను ఎంత అరిగిందని అడగడం కంటే ఎటు అరిగిందని అడగాలి. మా బెడ్డు ముందువైపు వి ఆకారపు గట్టు వెనకదానికంటే ఎక్కువ అరిగింది. అంటే క్యారేజీ కిందకి దిగడమే కాదు, కాస్త ముందుకీ వాలింది. భయపడాల్సింది ఆ రెండోదానికి.

ఇంత సూక్ష్మంగా కొలుస్తున్నాం సరే, దేనితో పోల్చి కొలుస్తున్నాం? ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. లేత్ చేసిన ప్రతి వస్తువులోనూ ఆ లేత్ లోపం ఉంటుంది. దాని లీడ్ స్క్రూలో పొరపాటు అది కోసిన ప్రతి మరలోకీ దిగుతుంది. ఆ లీడ్ స్క్రూని కోసింది ఇంకో లేత్. అలా వెనక్కి వెళ్తే లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే 1800 ప్రాంతంలో చేసిన మరలు కోసే లేత్ దాకా వెళ్తాం. అది ఇప్పుడు అక్కడి సైన్స్ మ్యూజియంలో ఉంది. తప్పు ఉన్న తల్లి మిషను, తనకంటే తప్పు తక్కువున్న పిల్ల మిషనుని ఎలా కన్నది? మాడ్స్‌లే తన బల్ల మీద ఒక మైక్రోమీటరు పెట్టుకుని దానికి లార్డ్ చాన్సలర్ అని పేరు పెట్టాడు. షెడ్డులో ఏ కొలత మీద తగువు వచ్చినా దాని తీర్పే చివరిది, పైన అప్పీలు లేదు. ఆ చాన్సలర్ని నమ్మడానికి ఆధారం ఏమిటి మరి?

జవాబు చేతుల్లో దొరికింది. మాడ్స్‌లే దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో చదును తలాల గురించి పత్రం చదివాడు. మాడ్స్‌లే షెడ్డులో పనివాళ్ళ బల్లల మీద అలాంటి చదును పలకలు ముందే ఉండేవని అక్కడే పనిచేసిన జేమ్స్ నాస్మిత్ 1883లో వచ్చిన తన ఆత్మకథలో రాశాడు. పద్ధతి ఇది. ఒక పలకకి పల్చగా రంగు రాసి రెండోదాన్ని దానిమీద రుద్దితే ఎత్తున్న చోట రంగు అంటుతుంది. అంటినచోట చేత్తో గీకాలి. అలా గీకుతూ పోతే రెండూ ఒకదానికొకటి పూర్తిగా అతుకుతాయి. అతికాయి గనుక చదునుగా ఉన్నాయా? ఉండనక్కర్లేదు. ఒకటి ఉబ్బి, రెండోది అంతే లోతుగా పల్లమై ఉన్నా చక్కగా అతుకుతాయి. అందుకే మూడో పలక కావాలి. ఒకటి రెండుతో, రెండు మూడుతో, మూడు ఒకటితో, మూడింటినీ తిప్పితిప్పి గీకితే మూడూ మూడింటితోనూ అతికే స్థితి ఒక్కటే ఉంది, అది నిజమైన చదును. దానికి ముందు ఏ మంచి కొలత సాధనమూ అక్కర్లేదు. ఆశ్చర్యం కాదా ఇది? ఏ తల్లి పలకా లేకుండా, మూడు తప్పుడు తలాల్లోంచి, గీకుడు పనిలోంచి సత్యం పుట్టుకొచ్చింది.

అప్పుడు నా క్యారేజీ సంగతి ఇంకా బాగా అర్థమైంది. బెడ్డూ సాడిలూ ఇన్నేళ్ళూ ఒకదాన్నొకటి రుద్దుకుని, ఒకదాని పల్లానికి ఇంకోటి ఉబ్బుగా మారి, రెండూ రాజీపడిపోయాయి. అందుకే అక్కడ అంత హాయి. ఆ హాయి వాటి ఒప్పందానికి గుర్తే తప్ప నిజానికి గుర్తు కాదు. ఇద్దరి మధ్య చప్పుడు లేకుండా నడిచిపోయే సంసారాల్లో, ఆఫీసుల్లో, పార్టీల్లో ఇలాంటి నునుపు ఎంతుందో! మూడోవాడు వచ్చి ఆనితేగానీ బయటపడదు. అందుకే మిషన్లకి బయటి సాక్షుల్ని పెట్టారు. బెర్లిన్ ప్రొఫెసరు గియోర్గ్ ష్లెసింగర్ 1927లో ఏ మిషనుని ఏయే చోట్ల ఎంత తేడాలోపు పరీక్షించాలో పట్టికలుగా రాశాడు. 1955లో ఎడ్వర్డ్ కానెల్లీ పాత మిషన్లని చేత్తో గీకి మళ్ళీ కొలతకి తేవడం ఎలాగో ఒక పెద్ద పుస్తకమే రాశాడు. దాన్ని తిరగేస్తుంటే ఎక్కడ చూసినా ఒకటే జాగ్రత్త: ముందు అరగని తలం వెతుక్కో, దానిమీంచి కొలవడం మొదలుపెట్టు. టెయిల్‌స్టాక్ నడిచే లోపలి గట్లు క్యారేజీ గట్లకంటే తక్కువ అరుగుతాయి. హెడ్‌స్టాక్ అడుగు ఎప్పుడూ అరగదు. అవే మిగిలిన మిషనుకి నిలువుటద్దాలు.

ఇక్కడిదాకా వచ్చాక నాకు ఒక అనుమానం మొదలైంది, అది ఇంకా పూర్తిగా తీరలేదు. అరగని చోటుదే నిజం అంటున్నాను. కానీ అది అరగనిది ఎందుకు? అక్కడ ఎవరూ పని చేయలేదు గనుక. డ్రమ్ములన్నీ అరిగిన మూరెడులోనే కోశారు. ఇంటి అద్దె, పిల్లల చదువు, కూతురి పెళ్ళి, అన్నీ ఆ మూరెడు ఇనుములోంచే వచ్చాయి. వాడకుండా ఉండి నిలబెట్టుకున్న స్వచ్ఛత పెద్ద గొప్పేమిటి? అంతకంటే ముందు, ఆ చివర నిజంగా స్వచ్ఛమేనా? పుట్టినప్పుడే ఫ్యాక్టరీలో సరిగ్గా గీకారో లేదో? లెవెలు తెచ్చి, సరళరేఖ బద్ద తెచ్చి చూసేదాకా ఆ అర్ధచంద్రాలకి కూడా నమస్కారం పెట్టక్కర్లేదు. చూశాం. ఒక అంచున చిన్న తేడా ఉంది, మిగతాది బాగానే ఉంది. అరిగిన చోటుని తక్కువచేసి చూడలేను, అరగనిదాన్ని ఊరికే పూజించలేను. అయినా కొలవడం మొదలుపెట్టడానికి ఒక అంచు కావాలి. ఆ అంచు ఎక్కువగా దొరికేది చెయ్యి బలవంతం చేయాల్సి వచ్చే చోటే.

ఏం చేయాలన్నదాని మీద మేస్త్రికీ నాకూ కొన్నాళ్ళు వాదన నడిచింది. బెడ్డు విప్పి గ్రైండింగ్‌కి పంపితే పైతలం ఒక్క పూటలో అద్దమైపోతుందని అందరూ అంటారు. అవుతుంది. కానీ బెడ్డు ఎంత కోస్తే సాడిల్ అంత కిందకి దిగుతుంది. అప్పుడు క్యారేజీ ముందు వేలాడే ఏప్రన్‌లోని హాఫ్‌నట్ లీడ్ స్క్రూ కంటే కిందకి పోతుంది, ర్యాకూ పళ్ళచక్రమూ దూరమై పట్టు వదులవుతుంది, ఫీడ్ రాడ్ వంగుతుంది. దాన్ని సరిచేయడానికి సాడిల్ అడుగున అదే మందం ఉన్న టర్సైట్ అనే ప్లాస్టిక్ పట్టీ అంటించి, దాన్ని మళ్ళీ గీకాలి. ఒకటి తాకితే అన్నిటినీ తాకాలి. మేస్త్రి మాట వేరు. "బుష్షులూ పిన్నులే కదా మనకి. కింద బద్దల్ని ఆ చివర సరిగ్గా నడిచేలా వదులు చేద్దాం. చక్కు దగ్గర కొంచెం ప్లే ఉంటది, కోత పల్చగా తీసుకుందాం. ఈలోగా గీకుడు నేర్చుకో, తర్వాత సాడిల్ సంగతి చూద్దాం" అన్నారు. నాకు ఇదే సబబనిపించింది. ఇప్పుడు క్యారేజీ ఈ చివరనుంచి ఆ చివరకి నడుస్తోంది. చక్కు పక్కన బరువు కోత వేస్తే కాస్త మూలుగుతుంది. మూలగనీ. అక్కడ అరిగిందన్న సంగతి ఇప్పుడు దాచకుండా చెబుతోంది.

గీకుడు నేర్చుకోవడానికి మూడు పోత పలకలు చేయించాం. కొత్త పోత ఇనుము లోపలి బిగువువల్ల నెమ్మదిగా మెలి తిరుగుతూ ఉంటుంది గనుక కొన్నాళ్ళు ఎండకీ వానకీ వదిలేసి, ఆ తర్వాత షేపరు మీద ఒక కోత తీయించాలి. పలకలకి సుద్దతో అంకెలు వేసి షెడ్డు వెనక గోడవార పెట్టాం. పనిముట్టు కొనలేదు. మేస్త్రి ఒక పాత చదును ఆకురాయి తీసుకుని, పళ్ళన్నీ సానబట్టి, కొనని కొద్దిగా వంపు తిప్పి, నా చేతికి సరిపోయే పిడి వేసి ఇచ్చారు. రంగు ఎంత పల్చగా రాయాలో, గీత గీతకీ దిక్కు ఎలా మార్చాలో తుక్కు ముక్క మీద చూపిస్తున్నారు. మొదట ఒకటో పలకా రెండోదీ, ఆ పైన రెండూ మూడూ. మూడో పలకని ఒకటోదాని మీద పెట్టేటప్పుడు మాత్రం తాను పక్కన ఉండాలని, తను రాకుండా మొదలుపెట్టొద్దని గట్టిగా చెప్పారు.